చచ్చినవాడి పళ్ళెం

డాఫిన్, మానిటోబా
6 అక్టోబరు 2014

జెనన్‌కి,

నువ్వు బతికే ఉన్నావని నాకు మొన్న మంగళవారం టపాలో తెలిసింది. మీ ఇంట్లో పనిచేసే నర్సట, ఐలా అని, ఆవిడ రాసింది. మీ తమ్ముడు రెండేళ్ళుగా థండర్ బేలో మా దగ్గరే ఉంటున్నాడు, తనకేమైనా అయితే ఎవరికి కబురు చెయ్యాలని అడుగుతూనే ఉన్నాం, ఇన్నాళ్ళకి మీ పేరు చెప్పాడు అని. పదకొండేళ్ళ తర్వాత నీకు అక్క గుర్తొచ్చింది, అదీ నీ శవాన్ని ఎవరు తీసుకెళ్ళాలో రాయించడానికి.

ఉత్తరంతో పాటు మీ ఇంటి పద్ధతులని ఒక కాగితం పెట్టింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నా కళ్ళజోడు మీద అనుమానం వచ్చింది. నిలువ నీడ లేని తాగుబోతుల్ని వీధుల్లోంచి తెచ్చి, గదీ మంచమూ ఇచ్చి, పొద్దున ఎనిమిదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా గంటన్నరకోసారి కొలిచి వైన్ పోస్తారట. నర్సే పోస్తుందట, దగ్గు మందు పోసినట్టు. దానికి వైద్యమని పేరు. ఇంకా నయం, చెంచాతో తాగించి మూతి తుడుస్తారని రాయలేదు.

ఒరేయ్, నేను ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో చేశాను. మనిషి ఒంట్లోంచి బయటికొచ్చే వాటిలో నేను ఉతకనిదంటూ లేదు. ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆ కాగితం చదువుతుంటే మాత్రం మూసుకోవాలనిపించింది. నిన్ను చివరిసారి చూసిన రోజు కూడా ఇలాగే అనిపించింది. నాన్నను పాతిపెట్టి వచ్చి చర్చి హాల్లో నూట ఇరవై మంది భోజనానికి కూర్చుంటే, నువ్వు తూలుకుంటూ వచ్చి క్యాబేజీ చుట్టల ట్రే మీద కక్కావు. ఆ చుట్టలు ముందు రోజంతా నిలబడి చుట్టింది నేను. ఆ ట్రే కడిగిందీ నేనే.

అమ్మకి తొంభై ఒకటి. చూపు సగం పోయింది, నోరు పోలేదు. క్రిస్మస్ ముందు సాయంత్రం బల్ల మీద ఇప్పటికీ ఒక పళ్ళెం ఎక్కువ పెట్టిస్తుంది, పోయినవాళ్ళకి పెట్టే పళ్ళెం. అది నాన్నది కాదని నీకు వేరే చెప్పక్కర్లేదు. అందరి తిండీ అయ్యాక దాని మీద మూత వేసి ఓవెన్లో పెడుతుంది. మర్నాడు పొద్దున్నే నేను తీసి చెత్తబుట్టలో దులుపుతాను. ముసలితనం, ఏం చేస్తాం. నీ సంగతి ఆమెకి చెప్పలేదు. నువ్వూ ఆమె పేరిట రాయకు, రాసినా చదివి వినిపించేది నేనే.

ఈ ఏడు ఊరేసిన దోసకాయలన్నీ మెత్తబడిపోయాయి. ఉప్పు మార్చాను, అదే కారణమై ఉంటుంది.

దార్కా


థండర్ బే
20 అక్టోబరు 2014

అక్కా,

ఇది పొద్దున మూడో గ్లాసు అయ్యాక రాస్తున్నాను. మొదటి గ్లాసు ముందు నా చేత సంతకం కూడా పెట్టించలేరు, రెండో గ్లాసుకి పెన్ను పట్టుకోగలను, మూడోదానికి నువ్వు చదవగలిగేలా రాస్తాను. కాబట్టి నా దస్తూరి బాగుందనిపిస్తే మెచ్చుకోవలసింది నన్ను కాదు.

నీకు కాగితం చదివితేనే ముక్కు మూసుకోవాలనిపించిందా? రోజుకి పదకొండుసార్లు ఆ వరసలో నిలబడి చూడు. పదిహేను మందిమి, ఎవడి కప్పు వాడి చేతిలో. ఒకడికి చెవి దాకా మంచు తినేసింది, ఒకడికి కాలివేళ్ళు లేవు, అందరికీ గొంతులో ఒకే గురగుర. ఐలా కొలత గిన్నెని కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుని గీత చూసి పోస్తుంది. బయట ఎక్కడో పట్టించి తూలుతూ వచ్చినవాడికి పొయ్యదు. "ఇప్పుడు కాదు నాన్నా, కాసేపు పడుకుని రా" అంటుంది, అరవై ఏళ్ళవాణ్ణి పట్టుకుని. వాడు తలొంచుకుని వెళ్ళి పడుకుంటాడు. అది చూసినప్పుడల్లా నాకు వాడి మీద, నా మీద, ఆ గీత మీద ఉమ్మాలనిపిస్తుంది.

ఆ వైన్ కూడా మేమే చేస్తాం, కింది గదిలో ప్లాస్టిక్ పీపాల్లో. మేస్త్రిని నేనే. మూడు వారాలు పులియబెడితే తడిసిన కుక్క వాసనొస్తుంది, నాలుగు వారాలకి ఆరిన కుక్క వాసనొస్తుంది. దాన్ని ఇష్టపడి తాగేవాడు ఇక్కడ ఒక్కడూ లేడు. నా పక్క గదిలో ఎల్మర్ అని ఉన్నాడు, ఉత్తరాన అడవుల్లో పుట్టినవాడు, మాట తక్కువ. వాడు కళ్ళు గట్టిగా మూసుకుని మింగుతాడు, పిల్లలు ఆముదం మింగినట్టు. ఇక్కడికి రాకముందు మేమంతా ఏం తాగేవాళ్ళమో రాస్తే నువ్వు ఈ కాగితాన్ని పటకారుతో పట్టుకుంటావు. అది ఇంకోసారి రాస్తాను.

ట్రే సంగతి నాకు గుర్తులేదు. మర్నాడు అందరూ చెబితే విన్నాను. గుర్తులేని పనికి ఎలా సిగ్గుపడాలో తెలియక ఊరొదిలి ఇక్కడికే తిరిగొచ్చాను. సరస్సు ఒడ్డున గోధుమ గోదాముల్లో ఇంకో ఏడాది చేశాను, మొత్తం ఇరవై రెండేళ్ళు. మన వైపు గోధుమలన్నీ రైళ్ళలో అక్కడికే వచ్చేవి. రోజంతా మన పొలాల దుమ్మే పీలుస్తున్నానని అనుకునేవాణ్ణి. తర్వాత గోదాము మూశారు, ఆ తర్వాత నేనెక్కడ పడుకున్నానో నువ్వు అడగలేదు, నేను చెప్పను.

అమ్మ నాకు పళ్ళెం పెడుతోందా? నిజంగానా? నేను వస్తానక్కా. జనవరి ఆరున, మన పాత పంచాంగం క్రిస్మస్ ముందు రోజు. ఆ పళ్ళెంలో ఒక్కసారి తిని వెళ్ళిపోతాను. ఐలాతో మాట్లాడాను. ఎన్ని రోజులుంటే అన్ని రోజులకి సీసాలు కొలిచి, ఒక్కోదాని మీద వేళ రాసి, పెట్టెలో సర్ది ఇస్తానంది. నువ్వు ఊఁ అనాలి, అంతే.

నీ వైన్ మేస్త్రి తమ్ముడు
జెనన్


డాఫిన్
5 నవంబరు 2014

మేస్త్రి గారికి,

మహా గొప్ప పదవి. అమ్మకి చెబితే సంతోషించేది.

నా గుమ్మం లోపలికి చుక్క రాదు. నాన్న పోయిన రోజు సాయంత్రం ఇంట్లో ఉన్న సీసాలన్నీ నా చేత్తోనే సింకులో పోశాను. పశువుల కొట్టంలో, కుట్టుమిషను డబ్బాలో, అమ్మ పిండి డ్రమ్ములో కూడా దొరికాయి. అన్నీ పోశాక రెండు రోజులు వంటింట్లోకి వెళ్ళలేకపోయాను ఆ కంపుకి. అప్పటి నుంచి దగ్గు మందు కూడా సారా కలవనిదే కొంటాను. ఇప్పుడు నువ్వు పెట్టె నిండా సీసాలు సర్దుకుని, వాటి మీద వేళలు రాయించుకుని, అమ్మ బల్ల ముందు కూర్చుని తాగుతావా? పండగ పన్నెండు వంటకాల మధ్య? దీపం పక్కన? నీకు ఆ మాట రాయడానికి చెయ్యెలా వచ్చింది? అవునులే, మూడో గ్లాసు చెయ్యి.

రావాలంటే మనిషిలా రా. ఇరవై ఎనిమిదిన ఉపవాసం మొదలు, సరిగ్గా నలభై రోజులు. మేం మాంసం, పాలు, వెన్న ముట్టం. నువ్వు నీది ముట్టకు. అమ్మ డెబ్భై ఏళ్ళకి పైగా ఒక్క ఏడాదీ తప్పలేదు, న్యుమోనియా వచ్చినప్పుడు కూడా చికెన్ సూప్ తోసేసింది. తొంభై ఒక్కేళ్ళ ముసలామెకి సాధ్యమైంది అరవై ఒక్కేళ్ళ మగాడివి నీకు సాధ్యం కాదా? నలభై రోజులు పట్టి వస్తే ఆ కుర్చీ నీది. లేకపోతే ఆ పళ్ళెం చచ్చినవాడిదిగానే ఉంటుంది.

కొత్త ఫాదర్ వచ్చాడు. సెంటు పూసుకుంటాడు. ధూపం వాసనకి అడ్డం పడుతోంది. ఎవరితో చెప్పుకోను.

దార్కా


థండర్ బే
20 నవంబరు 2014

అక్కా,

సరే. ఇరవై ఎనిమిది నుంచి.

ఐలాకి చెప్పడం లేదు. చెబితే డాక్టరంటుంది, కాగితాలంటుంది, నెలకింత తగ్గిద్దామంటుంది. అమ్మ ఉపవాసం పట్టడానికి డాక్టరు చీటీ అడిగిందా? నేనూ ఆవిడ కడుపునే పుట్టాను.

ఒక్క ఎల్మర్‌తో అన్నాను. వాడు తన కప్పు కడిగి పెట్టుకున్నాడు. తర్వాత, "మేస్త్రీ, నువ్వు మానడం కాదు చేసేది. నువ్వేం చేస్తున్నావో నీకు తెలుసు" అన్నాడు. వాడితో వచ్చిన చిక్కు అదే, మాట్లాడితే ఒక్క మాటే మాట్లాడతాడు.

ఉడకబెట్టిన గోధుమల్లో తేనె ఎక్కువ వెయ్యి, గసగసాలు బాగా నూరించు. నీకు ఓపిక లేక పలుకులుగా వదిలేస్తావు, చిన్నప్పటి నుంచీ అంతే. పుట్టగొడుగుల పులుసు చేస్తున్నారా ఇప్పటికీ? పదకొండేళ్ళలో నేను కలలో తిన్నది అదొక్కటే.

జెనన్


డాఫిన్
9 డిసెంబరు 2014

జెనన్,

ఉపవాసం మొదలై పన్నెండు రోజులైంది. నీ దగ్గర్నించి ఒక్క ముక్క లేదు. రోజూ టపా పెట్టె దాకా నడిచాను, మంచులో, ఈ మోకాళ్ళతో. కరెంటు బిల్లూ, చర్చి వాళ్ళ కాగితమూ, కళ్ళద్దాల కొట్టువాడి కార్డూ వచ్చాయి.

ఫోన్ చెయ్యను. నంబరు ఐలా ఉత్తరంలో ఉంది. తీసేదెవరో, వెనక ఏ గోల వినపడుతుందో నాకు తెలుసు. తాగిన గొంతు ఈ జన్మకి సరిపడా విన్నాను, నాన్నదీ నీదీ.

అర్థమైంది. రెండు రోజులు పట్టావో లేదో, మళ్ళీ కప్పు పట్టుకుని వరసలో నిలబడి ఉంటావు. సిగ్గుపడి రాయడం లేదనుకుందామంటే నీకు ఆ అలవాటు లేదు. ఎంత సులువుగా సరే అన్నావురా. పుట్టగొడుగుల పులుసు కావాలట, గసగసాలు నూరాలట. నేను వెర్రిదానిలా కొట్టుకి వెళ్ళి కిలో గసగసాలు తెచ్చాను. సంచీ అలాగే ఉంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండుతోంది.

నిజం చెప్పనా? ఒక విధంగా నాకు హాయిగానే ఉంది. నువ్వు రావు, అమ్మకి ఏమీ చెప్పక్కర్లేదు, ఎప్పటిలాగే ఈ ఏడూ గడిచిపోతుంది.

నీ గ్లాసు నీకు దక్కింది. కడుపు నిండా తాగు.

దార్కా


థండర్ బే
15 డిసెంబరు 2014

దార్కా గారికి,

అక్షరాలు ఐలావి, తిట్లు నావి. నా చెయ్యి ఇంకా పెన్ను పట్టడం లేదు. ఆవిడ మర్యాదస్తురాలు, కొన్ని మాటలు మెత్తగా మార్చి రాస్తోందని నాకు అనుమానం. నువ్వు గట్టిగా చదువుకో.

ఇరవై ఎనిమిదిన ఎనిమిదింటికి అందరితో పాటు వరసలో నిలబడ్డాను. నోట్లో పోసుకున్నాను, మింగలేదు. బాత్రూంలోకి వెళ్ళి సింకులో ఉమ్మాను. నువ్వు సీసాలు పోసినట్టే. ఆ రోజు పదకొండుసార్లూ ఉమ్మాను. సాయంత్రానికి చొక్కా పిండితే నీళ్ళు కారాయి. మర్నాడు గోడ మీద చీమలు కనిపించాయి, అవి నా దుప్పట్లోకి రావడం కనిపించింది, నాన్న వచ్చి మంచం పక్కన కూర్చుని బూట్లు విప్పుకోవడం కనిపించింది. అయినా ఉమ్మాను. ఐలాకి ఆ రెండు రోజులూ సెలవు. మూడో రోజు పొద్దున వరసలోనే పడిపోయాను. మూర్ఛ. నాలుక సగం కొరుక్కున్నాను, బట్టల్లోనే అన్నీ అయిపోయాయి, ఎల్మర్ నా తల ఒళ్ళో పెట్టుకుని అంబులెన్సు వచ్చేదాకా కూర్చున్నాడట. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. అందులో రెండు రోజులు నా పేరు నాకు తెలియదు. నా దుప్పట్లు ఎవరు ఉతికారో, నీలాంటిదే ఎవరో, ఆవిడకి నా తరఫున క్షమాపణ చెప్పమని ఐలాని అడిగాను.

మాలాంటి ఒంటికి ఉన్నపళంగా ఆపితే ప్రాణం పోతుంది అక్కా. తాగితే పదేళ్ళకి చస్తాం, ఆపితే మూడో రోజుకి చస్తాం. ఈ ఇంట్లో ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే చేశాను, ఎందుకంటే నువ్వు పళ్ళెం చూపించావు.

ఇంకోసారి రాస్తానన్నది ఇప్పుడు రాయిస్తున్నాను. ఇక్కడికి రాకముందు నేను ఆసుపత్రి గోడలకి తగిలించే చేతులు కడుక్కునే మందు తాగాను. నోరు పుక్కిలించే నీలం నీళ్ళు తాగాను, రెండేళ్ళు నా ఉమ్ము నీలంగానే ఉండేది. గడ్డం గీసుకున్నాక రాసుకునేది తాగాను. కక్కితే దాన్ని కూడా, ఇక్కడ ఐలా రాయడం ఆపేసింది. సరే, వద్దులే. దాని ముందు ఈ కుక్క కంపు వైన్ తీర్థం. కొలిచి పోస్తారు, తింటాను, పడుకుంటాను, మంచులో చావను. అదే వీళ్ళు చేసే వైద్యం. ఇంతకన్నా ఏమీ లేదు, ఎవరూ ఎక్కువ చెప్పుకోవడం లేదు.

నిన్న నీ తొమ్మిదో తారీఖు ఉత్తరం ఐలా చదివి వినిపించింది. హాయిగా ఉందన్న దగ్గర ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. నన్ను చూసి అసహ్యించుకునేవాళ్ళు చాలామంది తగిలారు, వాళ్ళు దాటిపోయేవాళ్ళు. చచ్చి రా, తిండి పెడతా అన్నది నువ్వొక్కదానివే.

రాను. పళ్ళెం చచ్చినవాడిదే అన్నావుగా, అలాగే ఉంచుకో. గసగసాలు ఎలకలకి పెట్టు.

జెనన్
(ఈ సంతకం నేనే పెట్టాను. చదవగలిగితే చూడు.)


డాఫిన్
22 డిసెంబరు 2014

జెనన్,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. చదివి లాండ్రీ గదిలోకి వెళ్ళి కక్కాను. నీ రాతకి కాదు.

నీకు చెప్పనిది ఒకటుంది. నువ్వు వెళ్ళిపోయాక అమ్మ రోజూ బస్సు వచ్చే వేళకి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. చలికాలమంతా. బస్సు వెళ్ళిపోయాక కూడా లేచేది కాదు. ఆరు నెలలు చూశాను. 2004 మేలో ఒకరోజు, పోలీసులు ఫోన్ చేశారమ్మా, జెనన్ చలికి బిగుసుకుపోయి చనిపోయాడట, అక్కడే పాతిపెట్టారట అని చెప్పాను. ఆ సాయంత్రమే కుర్చీ తీసి మేడ మీద పెట్టేశాను. చర్చిలో నీ పేరిట ప్రార్థన చేయించాను, అప్పట్నించీ ఏటా. పోయినవాళ్ళ పేర్లలో ఫాదర్ నీ పేరు చదువుతుంటే నేను తలొంచుకుని సిలువ గీసుకునేదాన్ని. పదేళ్ళు. కొన్నేళ్ళకి నాకే నిజమనిపించింది.

అందుకే ఐలా ఉత్తరం చదివినప్పుడు నాకు సంతోషం కలగలేదు. దొరికిపోయానని భయం వేసింది. నువ్వు వస్తే అమ్మ ముందు నేనేమని నిలబడాలి? వైన్ అంటే నాకు రోత, అది అబద్ధం కాదు. కానీ ఆ షరతు పెట్టింది దానికోసం కాదు. నువ్వు మానలేవని, మానలేక రాకుండా ఉంటావని పెట్టాను. నువ్వు మానావు. ముప్ఫై ఏళ్ళు అందరి మురికీ చూసి మొహం చిట్లించనిదాన్ని, ఈ మూడు రోజుల్నించీ అద్దంలో చూసుకోలేకపోతున్నాను.

నిన్న ఆదివారం అమ్మతో చెప్పాను. పండక్కి నల్ల చిక్కుడు గింజలు ఏరుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను, బతికే ఉన్నాడని, నేను అబద్ధం చెప్పానని. ఆమె ఏరడం ఆపలేదు.

"తెలుసు" అంది.

ఎలా తెలుసన్నాను.

"అబద్ధమాడేప్పుడు నువ్వు గిన్నెలు తోముతావే. ఆ రోజు తోమిన గిన్నెలే మళ్ళీ తోమావు."

మరి పదేళ్ళుగా ఆ పళ్ళెం ఎందుకు పెట్టావని అడిగాను. అప్పుడు నా వైపు తిరిగింది, కనపడదు కదా, నా భుజం మీదుగా ఎటో చూస్తూ అంది: "చచ్చినవాడికి తిండి వేడిగా ఉంచుతారా ఎక్కడైనా? వాడు రాత్రి బస్సుకి వస్తే చల్లారిన కూడు తింటాడని ఓవెన్లో పెట్టాను. నువ్వేమో ఏటా పొద్దున్నే లేచి చెత్తలో దులుపుతావు. నీతో చెప్పి ఏం లాభమని ఊరుకున్నా."

రా. పెట్టె తెచ్చుకో. వేళలు రాసుకో. నేనే పోస్తాను. నీకోసమని అనను, అనడానికి నాకు మొహం లేదు. ఆమె కోసం రా.

దార్కా


థండర్ బే
29 డిసెంబరు 2014

అక్కా,

పదేళ్ళు చచ్చిపోయి ఉన్నానని ముందే తెలిస్తే కాస్త విశ్రాంతి తీసుకునేవాణ్ణి.

నీ ఉత్తరం ఎల్మర్‌కి చదివి వినిపించాను. వాళ్ళమ్మ పదిహేనేళ్ళ కిందటే పోయిందట. "వెళ్ళు" అన్నాడు, అంతే. నా మీద వాడికి కోపం పోయిందో లేదో తెలియదు, నీ మీద నాకు మాత్రం పోలేదు.

అమ్మ కోసం వస్తున్నాను. మూడు రోజులకే. సీసాలతో బస్సెక్కనివ్వరు కాబట్టి ఐలా తన కార్లో విన్నిపెగ్ దాకా తెస్తానంది. వాళ్ళక్క అక్కడ ఉంటుంది. అయిదో తారీఖు మధ్యాహ్నం నువ్వు అక్కడికి రావాలి. పెట్టె తాళంచెవి నాకివ్వరు, నీకిస్తారు. ఒక్కటే మాట: నేను బతిమాలినా ఎక్కువ పొయ్యకు, నేను ఎంత చెండాలంగా కనిపించినా తక్కువ పొయ్యకు. రాసిన వేళకి రాసినంత.

జెనన్


డాఫిన్
12 జనవరి 2015

తమ్ముడికి,

క్షేమంగా చేరావని ఐలా ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ చెయ్యనన్నదాన్ని, ఈసారి తీశాను.

ఉన్నదున్నట్టు రాస్తాను, లేకపోతే నువ్వు నమ్మవు. విన్నిపెగ్‌లో ఐలా వాళ్ళక్క వరండాలో నిన్ను చూసినప్పుడు నాకు వెనక్కి తిరిగి పోదామనిపించింది. ఐలా తాళంచెవి చేతిలో పెట్టి పెట్టె గురించి, గడియారం గురించి ఏదో చెబుతోంది, నేను తలూపుతున్నాను గానీ నీ పళ్ళ వంకే చూస్తున్నాను, ఉన్న నాలుగింటి వంక. దారి పొడుగునా ఆ చలిలో కారు అద్దం దింపి నడిపాను. నువ్వు కాలరు పైకి లాక్కున్నావు. ఇంటికొచ్చాక సీటు కవర్లు రెండుసార్లు ఉతికాను, రేపు ఇంకోసారి ఉతుకుతాను.

ఆ సీసా మూత మొదటిసారి తీసినప్పుడు నాన్న వంటింట్లోకి వచ్చి నిలబడ్డట్టయింది. కళ్ళు మూసుకుంటే ఒలికిపోతుందని తెరిచే పోశాను. ఆరో తారీఖు సాయంత్రం, దీపం వెలిగించాక, అందరి ముందూ ఆరున్నర సీసా తెచ్చి పొయ్యవలసి వచ్చినప్పుడు వాళ్ళకి వీపు పెట్టి మూత తీశాను. వాసన తగిలి అమ్మ తలెత్తింది. నేను ఆగిపోయాను. నువ్వు పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నావు. ఆమె అన్న మాట నువ్వు విన్నావు, అయినా రాస్తాను, రాసుకుంటే నాకు మంచిది.

"మీ నాన్న గ్లాసుకి కొలత లేదు. దీనికుంది. పొయ్యవే."

ఇక నేను అసలు రాయవలసింది. మూడు రోజులయ్యాక విన్నిపెగ్‌లో నిన్ను తిరిగి అప్పగించినప్పుడు ఐలా తన గడియారం చూసుకుని, పొద్దున సీసా ఎన్నింటికి ఇచ్చారని అడిగింది. ఎనిమిదింటికి, మీరు రాసినట్టే అన్నాను. మీ ఎనిమిదా, మా ఎనిమిదా అంది. మీ ఊరి గడియారం మా గడియారానికి గంట ముందుంటుందని అప్పుడు తట్టింది. నీ ఎనిమిది మా ఏడు. మూడు పొద్దులూ నువ్వు వంటింటి కుర్చీలో కూర్చుని గంటసేపు అదనంగా వణికావు. చొక్కా తడిసిపోయింది. అమ్మ నీ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ, చలేస్తోందిరా వీడికి, దుప్పటి తే అంటోంది. నేను స్టవ్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, నాటకమాడుతున్నాడు, ముందే పోయించుకోవాలని చూస్తున్నాడు అనుకున్నాను. నువ్వు గోడ గడియారం వంక చూస్తే, నేనూ చూశాను, ఎనిమిది కాలేదన్నాను. మాట నిలబెట్టుకుంటున్నానని నాకు గర్వం కూడాను. బతిమాలినా పొయ్యొద్దని నువ్వే రాశావుగా. నువ్వు ఒక్కసారి కూడా బతిమాలలేదు. తప్పు నాదని తెలిసి కూడా చెప్పలేదు. అది మంచితనమో పొగరో నాకు తెలియదు, చిన్నప్పుడూ తెలిసేది కాదు.

నీ మీద నాకు అసహ్యం పోయిందని రాయను. నీ కప్పు మూడుసార్లు మరిగే నీళ్ళలో వేశాను, ఇంకా వాసనొస్తోంది. పారెయ్యలేదు. అలమారలో వెనక్కి, బోర్లించి పెట్టాను. పుట్టగొడుగుల పులుసు నువ్వు మూడోసారి అడిగినప్పుడు గడ్డం మీదుగా కారింది, తుడుచుకోలేదు, అదీ గుర్తుంది.

ఏడో తారీఖు పొద్దున, అలవాటు కొద్దీ, చెత్తబుట్ట చేత్తో పట్టుకుని ఓవెన్ తెరిచాను. లోపల ఏమీ లేదు. చెత్తబుట్ట తీసుకెళ్ళి దాని చోట పెట్టాను. నువ్వు లోపల గదిలో గురక పెడుతున్నావు, అచ్చం నాన్నలాగే, వినలేనంత దరిద్రంగా.

ఈస్టర్ ఏప్రిల్ పన్నెండున. అమ్మ అడిగింది, అందుకని రాస్తున్నాను. వంటింటి గడియారం గంట ముందుకి తిప్పి పెట్టాను. అమ్మకి ఎలాగూ కనపడదు, నా మందులకి చేతి గడియారం చూసుకుంటాను. ఆ గోడ మీదిది ఇక మీ ఊరిదే.

మీ అక్క
దార్కా